గోడ అవతలి ఆవిడ

నా చిన్నప్పుడు అమెరికాలో, జెర్సీ సిటీలో మా తెలుగువాళ్లకంటూ ఒక చర్చి ఉండేది కాదు. మా అమ్మలాగే ఆసుపత్రుల్లో నర్సు పనికి వచ్చిన నాలుగైదు గుంటూరు కుటుంబాలు శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చేరి ప్రార్థన పెట్టుకునేవి. మావాళ్లకు గట్టిగా చేస్తేనే ప్రార్థన. దేవుడికి చెముడని కాదు, మెల్లగా చేస్తే చేసినట్టే ఉండదు, అంతే.

ఆ శనివారం మా వంతు. అమ్మ డ్యూటీలో ఉంది. నేను మా నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. నాన్న ఈ దేశం కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. ఎప్పుడూ ఎత్తుకునేదే: ఇక్కడ దైవభయం పోయింది, చర్చిలు బోసిపోయాయి, పెళ్లికి విలువ లేదు, కన్నవాళ్లను గాలికి వదిలేస్తున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మా పక్క వాటాలో ఒక అమెరికన్ ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడ కోసం ఎవరైనా రావడం నేనెన్నడూ చూడలేదు.

అంతలో ఆవిడ వైపు గోడ మీద దబదబా చప్పుడైంది.

"చూశారా, ప్రేయర్ చేసుకున్నా కంప్లైంటే!" అంది ఒక ఆంటీ. "సాతాను అడ్డుపడుతున్నాడు, ఆపకండి," అన్నారు ఒక అంకుల్. నాయనమ్మ మాత్రం, "ఒరే, ఒకసారి వెళ్లి చూసి రారాదట్రా," అంది. ప్రార్థన మధ్యలో లేవకూడదన్నారు నాన్న. కంజీర అందుకుని పాట పెంచారు. చప్పుడు ఇంకాసేపు వినబడి ఆగిపోయింది. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ గొంతు చించుకుని అన్నాను.

సోమవారం బిల్డింగు చూసుకునే అతను తలుపు తీస్తే ఆవిడ చనిపోయి ఉంది. జారిపడి తుంటి విరిగిందట. గోడ పక్కనే నేలమీద ఉంది, చేతిలో చెప్పు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆవిడ పిల్లలెవరైనా ఉంటే వాళ్లకు ఆదరణ ఇమ్మని ప్రార్థన చెయ్యమంది నాయనమ్మ. నాన్న మోకరించి, "ప్రభువా, నీ బిడ్డ..." అని అక్కడే ఆగిపోయారు.

"పేరు కూడా తెలీదు కదరా మనకి," అంది నాయనమ్మ. "వాళ్లెవరో వదిలేశారని గోడకివతల కూర్చుని ఏడ్చాం. మనమేం చేశామయ్యా? దేశం చెడిపోయిందన్నావు, ఆ చెడిపోయినవాళ్లలో మనమూ ఉన్నాం." నాన్న వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. నాకు చాలా భయమేసింది.

మర్నాడు నాయనమ్మ చీర మీద కోటు వేసుకుని, నన్ను వెంటేసుకుని మా అంతస్తులో ప్రతి తలుపూ తట్టింది. తనకు ఇంగ్లీషు రాదు, పేర్లు నాతో అడిగించింది. ఒకాయన మొహం మీదే తలుపేశాడు. ఇంకొకావిడ మేమేం అమ్ముతున్నామని అడిగింది. "పోనీలే, రేపు మళ్లీ అడుగుదాం," అంది నాయనమ్మ.

ఇప్పుడు నాకూ మనవలొచ్చారు. మా తెలుగు చర్చికి సొంత భవనం ఉంది, ఈ దేశం పాడైపోయిందన్న ప్రార్థనా ఉంది. పాడైందనే నేనూ అంటాను, కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆ ప్రార్థన నన్ను చెయ్యమంటే, ముందు మీ పక్కింటివాళ్ల పేర్లు చెప్పండి, వాళ్లతో మొదలుపెడదాం అంటాను. చాలామందికి ఒక్క పేరూ తెలీదు. వాళ్లను ఏమనను? గోడ అవతలి ఆవిడ పేరు మేమూ కనుక్కున్నాం, పోయాక. పిలిస్తే పలకడానికి ఆవిడ లేదు.