చార్ లా

పొద్దున హాస్టల్లో ఎవరో "చాయ్ లా" అని కేకేస్తే నాకు ఎల్లారెడ్డిలో మా వసారా గుర్తొచ్చింది. మన ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు, మన బడిచదువు ఉర్దూలోనే కాబట్టి ఆల్జీబ్రాలో ఎక్స్‌కు బదులు తెలియని సంఖ్య పేరు 'లా'. ఉర్దూలో 'తీసుకురా' అనాలన్నా అదే మాట.

మాస్టర్‌సాబ్ ఇంటికొచ్చి వర్గమూలాలు చెప్పేవారు. ఒకరోజు ఎనిమిది లా మూలాన్ని రెండు లా మూలంతో హెచ్చించమన్నారు. నేను రెంటినీ ఒకే మూలం గుర్తు కింద చేర్చి, పదహారు లా వర్గం చేసి, మూలం విప్పాను. ఆయన సంతోషంగా "చార్ లా!" అన్నారు.

లోపల రొట్టెలు చేస్తున్న మా అవ్వ వెంటనే నాలుగు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తెల్లబోయారు, అయినా తిన్నారు.

ఆయన వెళ్లాక అవ్వ మండిపడింది. "వచ్చిన కాడికెల్లి లా, లా అనుడే! తినుడే గని చదువు జెప్పుడేది? బాపుకు జెప్పి బంద్ జేపిస్త."

బంద్ అయితే నాకు మిగిలేది వంటిల్లే. పలక ముందు పెట్టి చూపించాను.

"అవ్వా, ఈ లా అంటే తెమ్మనుడు కాదే. అదేందో మనకు తెల్వదన్నట్టు. గుర్తు కింద రెండు లాలు కలిస్తె ఒకటి బయటికొస్తది."

అవ్వ పలకను నా ఒళ్లోకి నెట్టింది.

"సరే, రేపు గూడ రమ్మను. గని గా లా ఏందో నువ్వే తెచ్చుకో. నేను పొయ్యి కాడికెల్లి లెవ్వ."