దేవసహాయం గారి హీటర్

మే నెల మిట్టమధ్యాహ్నం కారు అద్దాలన్నీ దించి, లోపల హీటర్ ఫుల్లుగా పెట్టుకుని తిరిగే మనిషి సికింద్రాబాద్ మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆయన మా లాలాగూడ దేవసహాయం గారు. పక్కింటివాణ్ణి కావడం వల్ల ఆ కారులో అందరికన్నా ఎక్కువసార్లు లిఫ్టు దొరికిన అభాగ్యుణ్ణి నేను.

ఆ కారు పుట్టుకతో బుద్ధిగలదే. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఆయన దాని చిన్న ఇంజన్ పీకించి, ఏదో జీపులోంచి తీసిన పెద్ద ఇంజన్ బిగించారు. అప్పటినుంచి దానికి జ్వరం. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పాకేది.

"ఈ ఎండలో హీటర్ ఏంటండీ?" అని మొదటిసారి ఎక్కినప్పుడు అడిగాను.

"ఇంజన్‌లో వేడిని ఇటు లాగేస్తే దానికి కాస్త తెరిపి వస్తుంది వేణుమాధవ్ గారూ. పాపం, మనల్ని మోస్తోంది కదా. దాని కష్టం కాస్త మనమూ పంచుకోవద్దూ?" అంటూ వెనక సీటులోంచి ఓ తువ్వాలు తీసి నా ఒళ్లో వేశారు. ఎక్కినవాళ్లకల్లా తువ్వాలు ఇవ్వడం ఆ కారు మర్యాద.

ఆఫీసు ముందు దిగితే వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందీ సార్, మీ దిక్కు వాన పడ్తుందా?"

జ్వరం తగ్గించడానికి దేవసహాయం గారు చేయని వైద్యం లేదు. పెద్ద రేడియేటర్ పెట్టించారు. ఒక ఫ్యాను చోట రెండు వచ్చాయి. వాటర్ పంపు మారింది. బానెట్‌కు చిల్లులు పెట్టిస్తే, అంతకుముందు దొంగచాటుగా వచ్చే ఆవిరి దర్జాగా రావడం మొదలుపెట్టింది. కొత్త సామాను బిగించిన ప్రతిసారీ బండి ముందు నిలబడి చిన్న ప్రార్థన చేసేవారు. ఆయన భార్య కాంతమణి గారు భక్తిగా "ఆమెన్" అనేసి, ఫోన్ తీసి ఆటో బుక్ చేసుకునేవారు.

ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. కారు ముందున్న జాలీకి అడ్డంగా, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా ఓ రేకు బోర్డు. రెండు తెల్ల పావురాలు, గులాబీల తీగ, మధ్యలో 'దేవుని బహుమానం' అన్న అక్షరాలు. రాసింది మా వీధి చివర పెయింటరు బిక్షం. రోజూ పొద్దున టీకి పోతూ, జేబులోంచి గుడ్డ తీసి ఆ పావురాలను తుడిచి మరీ వెళ్లేవాడు.

మెకానిక్ కిషన్ ఎన్నిసార్లు మొత్తుకున్నాడో.

"సార్, గీ బోర్డు తీస్తే సగం పరేషాన్ పోతది. రేడియేటర్‌కు గాలే తగుల్తలేదు."

"బోర్డు జోలికి మాత్రం రావద్దు బాబూ. ఇంకో ఫ్యాను పెట్టు."

"మూడో ఫ్యానుకు జాగ ఏడుంది సార్?"

"అయితే ప్రార్థన చేద్దాం."

ఈయనకు భక్తి ముదిరిందని మేమంతా తీర్మానించుకున్నాం.

ఇంతలో ఆయన కూతురు షెకీనాకు పెళ్లి కుదిరింది. అదీ మే నెలలో, తిరుమలగిరి చర్చిలో, పొద్దున పదింటికి. తర్వాత అక్కడే ఇంకో పెళ్లి ఉంది కాబట్టి ఆలస్యమైతే సాయంత్రం దాకా ఆగాల్సిందేనని పాస్టరు గారు ముందే చెప్పేశారు. దేవసహాయం గారు మాత్రం పెళ్లికూతురు తన కారులోనే రావాలని పట్టుబట్టారు.

"డాడీ, నేను పెళ్లికూతురులా దిగాలా, ఉడికిన ఆలుగడ్డలా దిగాలా?"

"కొత్త తువ్వాళ్లు కొన్నానమ్మా."

ముందు సీటులో నేను, వెనక తల్లీకూతుళ్లు. మా వెనక బైకు మీద కిషన్, అతని వెనక నీళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని బిక్షం. తిరుమలగిరి చేరబోతుండగా ట్రాఫిక్ ఆగింది. మా బానెట్ చిల్లుల్లోంచి ఆవిరి లేచింది. బండి పక్కకు తీశారు. షెకీనా ముఖం మీద పౌడరు గీతలు కట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లను చూస్తే తండ్రి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

దేవసహాయం గారిని పక్కకు లాగాను. "దేవుడేమీ అనుకోడండీ. ఆ బోర్డు పీకించండి."

ఆయన గొంతు తగ్గించారు. "దేవుడి గురించి భయం ఎవరికండీ? డీజిల్ ఇంజన్లతో వేగి రిటైరైనవాణ్ణి. రేడియేటర్‌కు గాలి కావాలని నాకు తెలీదా?"

"మరి?"

"ఫ్లెక్సీలొచ్చి బిక్షం బోర్డులన్నీ దిగిపోయాయి. రోడ్డు మీద తిరిగేది ఇదొక్కటే మిగిలింది. పొద్దున్నే వచ్చి తుడుచుకుంటాడు, చూడలేదూ? అతని కళ్లముందు ఎలా పీకమంటారు?"

ఇన్నాళ్లూ నేను కార్చిన చెమటంతా బిక్షం పావురాల కోసమన్నమాట! అంత కోపంలోనూ ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఈలోపు బిక్షం నీళ్ల డబ్బా దించి, మా దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక మాట అంట. ఏమనుకోరు గదా?"

"చెప్పు బిక్షం."

"ఆ బోర్డు నేను టాపు మీదికని రాసిన సార్. మీరేమో ముందల బిగిచ్చుకున్నరు. గాలి ఆడదని నాకు సుత తెల్సు. సార్ అంత ముచ్చటపడి పెట్టుకున్నడు, జెర బాధపడ్తడేమోనని ఊకున్న."

"నువ్వు బాధపడతావనే నేనూ పీకించలేదు బిక్షం!" అన్నారు దేవసహాయం గారు. కాంతమణి గారు కారులోంచి తల బయటపెట్టారు.

"అంటే ఇన్ని ఎండాకాలాలు నేను ఉడికింది మీ ఇద్దరి మొహమాటంలోనా?"

కిషన్ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. పానా తీసి బోర్డు విప్పి, పెళ్లి పూలదండల తాడుతోనే టాపు మీది క్యారియర్‌కు కట్టేశాడు. రెండు ఫ్యాన్లూ మొదటిసారి కడుపారా గాలి పీల్చాయి. ముల్లు మెల్లగా దిగింది. బండి కదలగానే దేవసహాయం గారి చేయి అలవాటు కొద్దీ హీటర్ మీదికి పోయింది.

"డాడీ!"

చేయి వెనక్కి వచ్చేసింది. చర్చిలో పాటలు మొదలవుతుండగా షెకీనా నవ్వుతూ దిగింది.

పెళ్లయ్యాక బయటికొస్తే బిక్షం కారు చుట్టూ తిరుగుతున్నాడు.

"టాపు మీద మస్తు కనవడ్తుంది సార్. గానీ ముందల బోసిగైంది. గాలి పోయేటట్టు చిల్లులు పెట్టి ఇంకోటి రాయాల్నా?"

దేవసహాయం గారు బిక్షం ముఖంలోని వెలుగు చూశారు. భార్య దూరంగా ఉందని చూసుకున్నారు.

"చిల్లులు పెడితే పావురాలు పాడైపోవూ? నువ్వు నిండుగా రాయి బిక్షం."

కిషన్ తల పట్టుకున్నాడు. నేను వెనక సీటులో నా తువ్వాలు వెతుక్కుని భుజాన వేసుకున్నాను.