చెయ్యాడితేనే పేలే తుపాకీ

అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా ఇంటి నుంచి తుపాకులు పేల్చే షూటింగ్ రేంజ్‌కి కారులో అరగంట. ఆ అరగంటా నేనూ నా స్నేహితుడూ పోట్లాడుకుంటూనే వెళ్ళేవాళ్ళం, పోట్లాడుకుంటూనే తిరిగొచ్చేవాళ్ళం. రాజకీయాలు కాదు, సినిమాలు కాదు, ఆంధ్రా తెలంగాణ అసలే కాదు. లీవర్ తుపాకీ గొప్పదా, సెమీ ఆటోమేటిక్ గొప్పదా అని. ఏళ్ళ తరబడి అదే గొడవ. "మీ ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం పెట్టుకోండి, మా ఆడవాళ్ళిద్దరికీ పీడ వదులుతుంది" అనేది మా ఆవిడ.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. నాది లీవర్ తుపాకీ. మా తాతగారికి మీసం మొలవకముందు తయారైన సరుకు. ట్రిగ్గర్ చుట్టూ కిందికి ఒక ఇనప పిడి ఉంటుంది. ఒకసారి పేల్చాక ఆ పిడిని చేత్తో ముందుకు నెట్టి మళ్ళీ వెనక్కి లాగాలి. అప్పుడే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, కొత్తది లోపలికొస్తుంది. చెయ్యాడకపోతే అది ఉత్త కర్రముక్క. వాడిది రెండో ప్రపంచయుద్ధం నాటి సైన్యం తుపాకీ, సెమీ ఆటోమేటిక్. తూటాలన్నీ ఉన్న క్లిప్పును పైనుంచి బొటనవేలితో నొక్కి పెడితే చాలు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, తరవాతిది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. చివరిది అయిపోగానే ఖాళీ క్లిప్పు టింగ్‌మని ఎగిరిపడుతుంది. ఆ టింగ్ వింటే వాడికి పండగే. నాకేమో ఒళ్ళు మండేది.

వాడిది కరీంనగర్ వైపు. మాది గుంటూరు. ఇద్దరం ఈ ఊరికి అన్నం పెట్టే ఆ పెద్ద కంపెనీలోనే కాంట్రాక్టర్లుగా చేరాం. వాడు నాకంటే ఆరేడేళ్ళు చిన్న, అన్నా అని పిలుస్తాడు. పిలుపులో ఉన్న మర్యాద మాటలో ఉండదు.

"ఏందన్నా నీ తుపాకి! ఇంగ్లీషు సినిమాలల్ల గుర్రాలోల్లు ఆడిచ్చుకునేది. నువ్వు ఒక్కటి కొట్టి ఆ పిడి తిప్పేలోపల నేను నాలుగు కొడ్త, సూడు."

"నీది తుపాకీ కాదయ్యా, వాషింగ్ మెషీన్. బటన్ నొక్కి పక్కన కూర్చోవడమే. నీ ప్రమేయం ఏముంది అందులో?"

ఈ తుపాకుల పిచ్చి నాకు పౌరసత్వం వచ్చాక పట్టింది. ఆఫీసులో ఒక మేనేజర్ సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి లీవర్ తుపాకీ చేతిలో పెట్టాడు. నేను పొద్దస్తమానం రాసేవన్నీ వాటంతట అవే నడిచే ప్రోగ్రాములు. నేను నిద్రపోతుంటే అవి నడుస్తాయి, నేను చచ్చినా నడుస్తాయి. ఆ రోజు మొదటిసారి ఆ పిడి ముందుకు నెట్టి వెనక్కి లాగితే, కటక్ మని లోపల ఏదో కుదురుకున్న చప్పుడు అరచేతిలోకి వచ్చింది. నా చెయ్యి లేకపోతే ఇది నడవదు కదా అనిపించి ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆవిడ, ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ కూడా మీ చెయ్యి లేకపోతే నడవదు, అదీ తిప్పండి అని ఉండేది.

శనివారాల్లో ఇనప పలకలు వరసగా నిలబెట్టి పోటీ పెట్టుకునేవాళ్ళం. పాత తుపాకుల వాళ్ళందరికీ అక్కడ ఒక మూల ఉంది. అటు లీవర్ వాళ్ళు, ఇటు సెమీ వాళ్ళు. మిగతా అందరూ తెల్లవాళ్ళే, ముసలివాళ్ళే, కానీ మా తెలుగు తిట్లు మొహాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళు. ఓడినవాడు పై శనివారం తిండి తేవాలి. ఇంకో రూలు కూడా ఉంది, అసలు రూలు అదే. ఓడినా సరే, ఎదుటివాడి తుపాకీ గొప్పదని చచ్చినా ఒప్పుకోకూడదు. గాలి మీద తొయ్యి, ఎండ మీద తొయ్యి, పొద్దున తిన్న ఉప్మా మీద తొయ్యి. ఒప్పుకుంటే మాత్రం ఆట అయిపోయినట్టే. వాడు బిర్యానీ గిన్నె బల్ల మీద పెడుతూ, "ఇది ఓడి తెచ్చింది గాదు, మీ మీద జాలితోని తెచ్చింది" అనేవాడు.

ఎవరి తుపాకీకి తగ్గ తప్పు వాళ్ళకుంటుంది. వాడి తుపాకీలో క్లిప్పు నొక్కి బొటనవేలు వెంటనే తియ్యకపోతే లోపలి ఇనుము ముందుకొచ్చి వేలు పట్టేస్తుంది. వాడి గోరు ఏడాదికోసారైనా నల్లబడేది. నేను దాన్ని ఊరందరికీ చూపించేవాణ్ణి. మా లీవర్ వాళ్ళ తప్పు వేరే. తొందరలోనో భయంలోనో పిడిని పూర్తిగా నెట్టకుండా సగంలో వెనక్కి లాగేస్తే తూటా అడ్డం పడి ఇరుక్కుంటుంది. షార్ట్ స్ట్రోక్ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు చేస్తారు. నేను కొత్తలో కూడా చెయ్యలేదు.

పోయిన వసంతంలో ఒక శనివారం మూడో పలక దగ్గర నాకది జరిగింది.

వాడు ఆనందం పట్టలేక బల్ల మీద చరిచాడు. "అన్నా, నీ తాతల తుపాకికి అరుగుతలేదు! వాము నీళ్ళు తాపియ్యి!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పై వారం మళ్ళీ ఇరుక్కుంది. ఆ పై వారం వరసగా ఇరుక్కుంటూనే ఉంది. తూటాలు బాగోలేవన్నాను, మార్చాను. లోపల మురికి అన్నాను, ఊడదీసి నూనె పెట్టాను. ఊడదీసినప్పుడు స్క్రూడ్రైవర్ రెండుసార్లు చేతిలోంచి జారింది. దాని గురించి ఆలోచించలేదు.

"ఇటియ్యి అన్నా, నీ తుక్కుసామాను" అని ఒకరోజు వాడు లాక్కున్నాడు. జన్మలో లీవర్ ముట్టనన్న మనిషి. అది పనికిరాదని అందరి ముందూ నిరూపించాలని వాడి సరదా. పిడి నెట్టాడు, లాగాడు. ఖాళీ తూటా ఎగిరి నేల మీద పడింది. మళ్ళీ నెట్టాడు. అన్నీ అయిపోయేదాకా ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. వెన్నలా తిరిగింది. వాడు మొదట నా తుపాకీ వంక చూశాడు, తరవాత నా కుడిచేతి వంక చూశాడు. ఏమీ అనకుండా నాకు తిరిగిచ్చేశాడు. వాడు ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదలు.

తరవాతివి ఇంట్లో జరిగాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. ఆవకాయ సీసా మూత తియ్యలేక సీసాని తిట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్లంగా పోయింది. మా ఆవిడ డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ దగ్గరికి, ఆ డాక్టరమ్మ పెద్ద ఊళ్ళో ఇంకో ఆవిడ దగ్గరికి పంపించారు. కండల్లో సూదులు గుచ్చి చూశారు. చివరి డాక్టర్ చాలా మంచిది. కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చెప్పింది. నరాల జబ్బు, ఏఎల్ఎస్. ముందు ఈ చెయ్యి, తరవాత రెండోది, తరవాత కాళ్ళు, మాట, మింగటం, చివరికి ఊపిరి. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలవదు. ఎంత కాలమని మా ఆవిడే అడిగింది. నేను అడగలేదు. కారులో ఇంటికొస్తుంటే, సీటుబెల్టు తనే పెట్టింది నాకు.

ధైర్యంగా ఉండమంటారు అందరూ. దేనికి? ధైర్యంగా ఉంటే ఈ వేలు ముడుచుకుంటుందా? యోగా అన్నారు, హోమియో అన్నారు, ఇండియాలో ఎవరో పసరు ఇస్తాడట. ఫోన్ విసిరికొడదామంటే ఆ చెయ్యి కూడా లేదు. ఇదంతా ఫోన్‌కి చెబుతున్నాను, అది దానంతట అదే రాసుకుంటోంది. సెమీ ఆటోమేటిక్. కొన్నాళ్ళకి నా మాట దానికి అర్థం కాదట, ఆ సంగతీ ముందే చెప్పేశారు.

మా ఆవిడకి తుపాకీ అంటే అసహ్యం. అయినా ఏటా దసరాకి ఆయుధపూజలో కారుతో పాటు, నా లాప్‌టాప్‌తో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టేది. "ఇంట్లో ఉన్నాక తప్పుతుందా" అని సణుగుతూనే పిడి మీద బొట్టు పెట్టేది. మొన్న దసరాకి తుపాకీ బల్ల మీదికి తెమ్మంది. నేను ఎత్తలేకపోయాను. రెండు చేతులతో కూడా. తను వచ్చి తుపాకీ అలమారా తలుపు మూసేసింది. నా కుడిచెయ్యి తీసుకుని పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది.

"ఏం చేస్తున్నావే? చేతికి పూజ చేసే రోజులొచ్చాయా నాకు?" అని అరిచాను.

"అరవండి. అరవగలిగినన్నాళ్ళూ అరవండి" అంది తను. ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

ఆ మరుసటి శనివారం వాడు చెప్పాపెట్టకుండా కారేసుకొచ్చాడు. నేను రేంజ్ మానేసి అప్పటికి చాలా రోజులైంది. రానన్నాను. "నడువన్నా, ఇంట్ల కూసొని వదినెను సతాయిస్తున్నవంట" అన్నాడు. దారిలో మాత్రం పోట్లాడలేదు. అరగంటా రోడ్డే చూస్తూ డ్రైవ్ చేశాడు. లీవర్ గురించి ఒక్క ముక్క ఎత్తుతాడేమోనని చూశాను. వాతావరణం గురించి మాట్లాడాడు, వెధవ.

రేంజ్‌లో ముసలాళ్ళందరూ లేచి నిలబడ్డారు. నా కోసం నీడలో బల్ల, కుర్చీ, తుపాకీ ఆనించుకోవడానికి ఇసక సంచులు సిద్ధంగా పెట్టారు. అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట. వాడు తన తుపాకీ తెచ్చి సంచుల మీద పెట్టాడు. క్లిప్పు తనే బొటనవేలితో నొక్కాడు. నా భుజానికి ఆనించాడు.

"గట్లనే ఉండు అన్నా. నువ్వు ఖాలీ ట్రిగ్గర్ నొక్కు, సాలు."

బటన్ నొక్కి పక్కన కూర్చోవడమే. ఎడమచేతి వేలితో నొక్కాను. పలక పడింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పడింది. ఒక్కటి తప్పకుండా అన్నీ పడ్డాయి. జన్మలో నా లీవర్‌తో అలా కొట్టలేదు. చివర్న టింగ్ మంది.

నాకు ఇంకా ఆశ చావలేదు. ఇప్పుడు మొదలెడతాడు అనుకున్నాను. ఇన్నేళ్ళ కచ్చ. లీవర్ వీరుడు సెమీ పట్టుకుని అన్ని పలకలూ పడగొట్టాక వదులుతాడా? బల్ల చరుస్తాడు, ఊరంతా చెబుతాడు, మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెబుతాడు. నేను జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఇసక సంచులు కొట్టాయయ్యా, నీ తుపాకీ కాదు, అందామని. నాలిక చివర పెట్టుకుని కూర్చున్నాను.

వాడు వంగి ఖాళీ తూటాలన్నీ ఏరాడు. క్లిప్పు జేబులో వేసుకున్నాడు. నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్నా, ఒక్క మాట జెప్త. నీ లీవర్ తుపాకే గొప్పది. మొదటిసంది తెలుసు నాకు. మనిషి చెయ్యి ఆడాలె దానికి. మాది ఏం తుపాకన్నా, బొమ్మ."

ఏళ్ళ తరబడి ఆ మాట కోసం చచ్చాను. దానికోసం ఎండలో నిలబడ్డాను, గొంతు చించుకున్నాను. ఒప్పుకుంటే ఆట అయిపోయినట్టే అని రూలు పెట్టుకుంది మేమిద్దరమే. మా వెనక ఆ ముసలి సెమీ వాళ్ళు, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు, అర్థమైనట్టు తలలు దించుకున్నారు.

"నోర్ముయ్" అన్నాను. "ఒప్పుకోకూడదు. రూలు మర్చిపోయావా? తిట్టు నన్ను. వాషింగ్ మెషీన్‌తో కొట్టావని తిట్టు."

వాడు మొహం తుడుచుకున్నాడు. సరే అన్నట్టు తలాడించి, గొంతు సవరించుకుని, పెద్దగా మొదలెట్టాడు.

"అన్నా, నీ తాతల తుపాకికి అరుగుతలేదు..."

వాము నీళ్ళ దాకా రాలేకపోయాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను.