తెర పట్టిన చెయ్యి

మా యక్షగానాన్ని సినిమాగా తీస్తామని పట్నం వాళ్లు ధర్మపురికి వచ్చారు. మా నాన్న, బాపుది హిరణ్యకశిపుడి వేషం. మా ఆటలో రాజు ఇద్దరు పట్టిన తెర చాటున పాట ఎత్తుకుని, ఆ తర్వాతే ముఖం చూపిస్తాడు. కెమెరాకు అడ్డమని డైరెక్టరు తెర తీసేయించాడు. ఏం తెలుసని తీయించాడో! బాపు పాట ఎత్తుకోలేదు.

"తెర లేకుంట రాజునెట్లయిత సారూ?" అన్నాడు.

చివరికి డైరెక్టరు సరేనంటే, మా అమ్మ, అదే అవ్వ, చిన్నమ్మ తెరకు చెరో కొస పట్టుకున్నారు. బాపు పాట అందుకోగానే పక్కకు లాగేశారు.

లక్సెట్టిపేట డేరా టాకీసులో ఆ సినిమా చూశాం. ఆ బట్ట తెర ఉన్న ముక్కంతా కోసేశారు. ఒక మూల మాత్రం బట్ట లాగుతున్న అవ్వ చెయ్యి రెప్పపాటు మిగిలింది. "అగో, నువ్వే!" అని బాపు అవ్వకు చూపించి అరిచాడు, తన పాట వినడమే మరిచాడు.

అవ్వ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఎక్కడో ఆ రీలులో ఆ చెయ్యి ఉంది.