ముందు తినమనే మనిషి

సింగపూర్‌లో, టోవా పాయోలో మా ఫ్లాట్ కింద మలేషియా నుంచి వచ్చిన ఒక తెలుగావిడ హోటలు ఉండేది. కొబ్బరిపాల అన్నం, పక్కన సంబల్ అనే ఎర్రకారం. వండేది ఆవిడ, వడ్డించేది కోడలు. ఏం అడిగినా ఆవిడది ఒకటే మాట, "మకాన్ దులు." మలయ్‌లో ముందు తిను అని. నీ మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా అన్నా అదే జవాబు.

మా ఆయన పోయినప్పటి నుంచి నేను నీచు ముట్టను. అందుకని రొయ్యలు కలవని సంబల్ నాకోసం వేరే గిన్నెలో ఉంచేది. ఒకరోజు కోడలు గిన్నె చూసుకోకుండా నాది ఇంకెవరికో పెట్టేసి, నాకు రొయ్యలది వడ్డించేసింది. ముద్ద నా నోటి దాకా వెళ్ళింది.

"తినొద్దక్కా!"

ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. కుంటుకుంటూ వచ్చి కంచం లాగేసింది.

"అంత అన్నం పారేస్తావా?" అని కసిరాను.

"పారేయను, నేనే తింటా. నువ్వు కూర్చో."

రోలు కడిగి, ఒక చేత్తో మోకాలు పట్టుకునే మిరపకాయలు మళ్ళీ నూరింది. కొత్త కంచం నా ముందు పెట్టింది. కసిరినందుకు ఏదో చెప్పబోయాను.

"మకాన్ దులు," అంది.

తిన్నాను. చెప్పవలసిన మాట అలాగే ఉండిపోయింది.