మావారి ఫోర్ స్ట్రోకూ, మా మరిది టూ స్ట్రోకూ

మొన్న పొద్దున పక్కింటి ముందు రాలిన ఆకుల్ని ఊడ్చడానికొచ్చిన మనిషి, ఆకుల్ని గాలితో ఊదడానికి వీపుకు తగిలించుకున్న మోటారును తాడు లాగి స్టార్ట్ చేశాడు. పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన పొగ వాసన మా వంటింట్లోకొచ్చింది. కోడలు ముక్కు మూసుకుని కిటికీ వేయబోతుంటే, "ఉండనీ అమ్మా, కాసేపు" అన్నాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నాకు మాత్రం ఆ వాసనలో ఈ దేశమొచ్చిన కొత్తలో ఇర్వింగ్‌లో మేం మొదట అద్దెకున్న ఇల్లూ, దాని గరాజూ, అందులో పోట్లాడుకునే అన్నదమ్ములిద్దరూ కనబడ్డారు.

అవి డెబ్భైల చివరి రోజులు. మరిది చదువు ముగించి, ఉద్యోగంలో చేరి మాతోనే ఉండేవాడు. అన్నదమ్ములిద్దరికీ పేకాట రాదు, మందు అలవాటు లేదు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలి కదా, వీళ్లకి గుట్టల్లోనూ బురదలోనూ తోలుకునే డర్ట్ బైకుల పిచ్చి పట్టింది. పేపర్లో ప్రకటనలు చూసి చెరొకటి కొన్నారు. మావారిది ఫోర్ స్ట్రోక్, బరువైనది, గేదెలా నింపాదిగా నడిచేది. మరిదిది టూ స్ట్రోక్, తేలిగ్గా ఉండి, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ దూసుకుపోయేది. ఏది మన్నికైనది, దేన్ని పోషించడం తేలిక అన్న వాదన ఆ రోజే మొదలైంది.

"దీని మొహం చూడక్కర్లేదురా. వేళకి ఆయిల్ మార్చు, వాల్వుల దగ్గర ట్యాపెట్లు సరిచూసుకో, తోలుకో. నీ దానికి నెలనెలా వైద్యమే" అనేవారు మావారు. అందులో నిజముంది. టూ స్ట్రోక్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి. ప్లగ్గు ఊరికే మసిపట్టేది, పిస్టన్ రింగులు తొందరగా అరిగిపోయేవి. అరిగినప్పుడల్లా మరిది నా డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి దుకాణం పెట్టేవాడు. ఒకసారి వంటింట్లోకి వెళ్లేసరికి నా పప్పు గిన్నెలో పిస్టన్ నానుతోంది. "సబ్బుతో కడిగిచ్చేస్తాలే వదినా" అన్నాడు నవ్వుతూ. ఆ గిన్నె మళ్లీ పప్పు మొహం చూడలేదు. అయితే వాడి పక్షాన కూడా న్యాయముంది. పొద్దున విప్పిన బండి సాయంత్రానికి నడిచేది, షాపు గడప తొక్కే పని ఉండేది కాదు. "నీ దానికి వాల్వు పోయినప్పుడు చూద్దాం అన్నయ్యా. షాపువాడు నీ నెల జీతం అడుగుతాడు" అనేవాడు.

మావారి బండికి ఇంకో గుణముండేది, అలక. వేడి మీదున్నప్పుడు కింద పడిందా, ఇక ఎంత కిక్ కొట్టినా పలికేది కాదు. దాన్ని బుజ్జగించడానికో పద్ధతుంది. బండి పడిన ప్రతిసారీ ఆ పద్ధతి పాటించేంత ఓపిక మావారికి ఉండేది కాదు. పక్కన నిలబడి చూసి చూసి అది నాకూ కంఠతా వచ్చింది. ఆయన పాత ప్యాంటు బెల్టుతో బిగించుకుని, మరిది దగ్గర వాడి తేలికైన బండి మీద తోలడం కూడా నేర్చుకున్నాను. కానీ గేదె జోలికి మాత్రం పోలేదు.

ఓ వసంతకాలపు ఆదివారం ముగ్గురం పులిహోర కట్టుకుని, మావారి సహోద్యోగి తండ్రిగారి పశువుల రాంచ్‌కి వెళ్లాం. బళ్లనెక్కించుకొచ్చిన పికప్ ట్రక్కు గేటు దగ్గరే పెట్టి, బళ్ల మీద చాలా లోపలికి, వాగు దాటి పోయాం. మావారి వెనక కూర్చున్న నేను, ముందు పోతున్న మరిది బండికి ఇవాళ పొగ రావడం లేదేమిటా అనుకుంటున్నాను. అనుకుంటుండగానే అది కీచుమని ఆగిపోయింది. పెట్రోల్లో ఆయిల్ లేదు. తమ్ముడు కలిపాడని అన్న, అన్న కలిపాడని తమ్ముడు అనుకున్నారట. పిస్టన్ వేడెక్కి లోపలే పట్టేసింది.

"చెప్పానా" అని మావారు సంతోషంగా తన బండెక్కి, పికప్ తీసుకొస్తానని బయల్దేరారు. వాగులో పాచి పట్టిన రాళ్ల మీద బండి జారింది, ఆయన భుజం మీద పడ్డారు. చెయ్యి కదపలేకపోయారు. మొహం పాలిపోయింది. మరిది పరుగెత్తి బండి లేపి, తన బండికి కొట్టినట్టే కోపంగా కిక్ కొట్టాడు. అది ఎదురు తన్నింది. పాదం పట్టుకుని వాడూ కూలబడ్డాడు. కనుచూపు మేరలో మనిషి లేడు. దూరాన ఆవులు మావైపు చూస్తున్నాయి.

"నేను చూస్తానుండండి" అన్నాను.

"నీ వల్ల కాదు" అన్నారు మావారు. మళ్లీ ఆయనే, "ముందు ఆ చిన్న లివర్ పట్టుకో" అన్నారు.

"తెలుసండి."

"వదినా, జాగ్రత్త. అది తంతుంది" అన్నాడు మరిది.

బండిని ఓ బండరాయి పక్కకి తోసి, రాయి మీద ఎడమ కాలు ఆనించాను. ఇంజన్లో ఒత్తిడి వదిలించే ఆ లివర్ పట్టుకుని, యాక్సిలరేటర్ మొత్తం తిప్పి, లోపల చేరిన పెట్రోలు పోయేదాకా మెల్లిగా కిక్ తొక్కాను. తర్వాత లివరూ యాక్సిలరేటరూ వదిలేసి, పిస్టన్ పైకొచ్చి బిగుసుకున్న చోటు చూసుకుని, ఒంట్లో ఉన్న బరువంతా వేశాను. పలకలేదు. మళ్లీ అదంతా చేశాను. ఈసారి గుడుగుడుమంది. అంత మంచి చప్పుడు నేనింతవరకూ వినలేదు.

గేటు దాకా ఎలా పోయానో సరిగా గుర్తులేదు. లోపల మాత్రం ఒకటే ఉత్సాహం. గేటు దగ్గర ఇంట్లోంచి వచ్చిన రాంచ్ ముసలాయన నన్నూ, నా ప్యాంటునూ, బండినీ చూసి తన ట్రక్కు తాళాలందుకున్నాడు. మావారి భుజం దగ్గర ఎముక విరిగింది, మరిదికి పాదం బెణికింది. ఆస్పత్రిలో పక్కపక్కనే కూర్చుని ఆయిల్ ఎవరు కలపాలన్న దాని మీద వాదించుకుంటుంటే నర్సు వచ్చి కసిరింది.

మరిది కుంటుతూనే మరుసటి ఆదివారం కల్లా కొత్త పిస్టన్ వేసి బండి నడిపించేశాడు. ఆ ఎండాకాలమే మావారి బండికి వాల్వులు పోయి, షాపులో నెల పైన కూర్చుంది. బిల్లు వచ్చిన రోజున మరిది ఒక్క మాట అనలేదు. అదే మావారిని ఎక్కువ బాధపెట్టింది. షాపు నుంచి తిరిగొచ్చాక ఆ గేదె నా మాటే ఎక్కువగా వినేది. ఎనభైల నడిమి దాకా ఆదివారాలు నేనే తోలాను.

ఆ రాంచ్ ఇప్పుడు లేదు, ఇళ్లొచ్చేశాయి. మరిది ఆష్‌బర్న్‌లో మనవళ్లతో ఉన్నాడు. అన్నకి ఫోన్ చేసినప్పుడల్లా మొదలయ్యే ఆ వాదన ఇంకా తెమల్లేదు. అప్పట్లో సాయంత్రం పూట వాకిట్లో బళ్లకంటిన మట్టి కడుక్కుంటూ, ఇలాంటి ఆదివారాలు మనకింకా బోలెడున్నాయిలే అనుకునేవాళ్లం. కాలం మా దగ్గర తీసుకున్నది తక్కువేం కాదు గానీ, ఆ ఆదివారాల విషయంలో మాత్రం మేం అనుకున్నంతా ఇచ్చింది.