ఇబ్రి హోటల్లో నేను రాసిన రెండు కాగితాలు

మొన్న కంపెనీ పని మీద ఒమాన్‌లోని ఇబ్రి ఊరి మీదుగా వెళుతూ, బజారు మలుపులో ఆ నాలుగంతస్తుల హోటల్‌కు కొత్తగా అద్దాలు బిగిస్తుండడం చూసి కారు ఆపేశాను. నలభై రెండు గదులు, ఒక లిఫ్టు, కిటికీ తెరిస్తే ఖర్జూరపు తోట, పొద్దున్నే పరోటా, పప్పు. అంతకన్నా గొప్ప హోటళ్లలో తర్వాత చాలాసార్లు దిగాను గానీ, నాది అని చెప్పుకోబుద్ధయ్యేది మాత్రం అదొక్కటే.

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో, పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని కరీంనగర్ నుంచి వచ్చిన నేను, ఏసీ యంత్రాలు పరీక్షించే ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందే, మస్కట్ నుంచి అక్కడికి మొదటి డ్యూటీకి వెళ్లాను. ఎక్కడ అడుగుపెట్టినా లోపాలను వరుస నంబర్లు వేసి రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మధ్యాహ్నం గదిలో దిగి నీలం గుర్తున్న కుళాయి తిప్పితే చెయ్యి కాలింది, ఎర్ర గుర్తున్నది తిప్పితే చల్లటి నీళ్లొచ్చాయి, గీజరు స్విచ్ చూస్తే ఆపేసి ఉంది. వెంటనే తొమ్మిది అంశాల జాబితా రాశాను. పైపులు తారుమారుగా కలిపారనీ, గది చూసే మనిషి నిర్లక్ష్యంగా గీజరు ఆపేసిందనీ మొదటి అంశంలోనే పెట్టి, ఒక ప్రతి మేనేజరుకిచ్చి, ఇంకొకటి మస్కట్‌లోని మా పై ఇంజినీరుకు ఫ్యాక్స్ చేయించి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా భోజనానికి వెళ్లాను.

మర్నాడు పొద్దున రిసెప్షన్ దగ్గర, మా అంతస్తు గదులు శుభ్రం చేసే కడప అక్క సంచీతో నిలబడి ఉంది. కాగితం మీద ఫిర్యాదు వస్తే ఆ మనిషిని పనికి తెచ్చిన ఏజెంటు దగ్గరికి తిప్పి పంపడం అక్కడి పద్ధతట. ఏజెంటు నుంచి ఇక ఇంటికే.

"నువ్వేనా నాయనా ఆ కాయితం రాసింది?" అంది. "ఇంజినీరు సదువు సదివినావు, మిద్దె మీద ట్యాంకు ఎండకు ఉడుకుతాదని తెలీలేదా? గీజరు ఆపితే దాంట్లో నీళ్లు ఏసీకి సల్లబడతాయి. మీరు సైటు నుంచి వచ్చి సల్లగా పోసుకుంటారనే గదా పొద్దున్నే అన్నీ ఆపేది! ఒక్క మాట అడిగింటే సెప్పనా?"

"తప్పైంది అక్కా. నాతోని మేనేజర్ దగ్గరికి రా," అన్నాను.

"మళ్లా ఇంకో కాయితం రాస్తావా ఏంది?"

"రాస్తా."

మూడేళ్లు వేడి గురించే చదివిన నాకు తట్టనిది ఆమె ఒక్క ఎండాకాలంలో కనిపెట్టింది. నా పనిముట్ల పెట్టెలోని థర్మామీటరు తీసి, మేనేజరును వెంటబెట్టుకుని మిద్దె మీది ట్యాంకు దగ్గరి నుంచి గదుల్లోని కుళాయిల దాకా కొలిచి చూపించి, అక్కడే రెండో కాగితం రాశాను. ఒకటి, పొరపాటు నాది. రెండు, పైపులు సరిగ్గానే ఉన్నాయి. మూడు, ఈమె చేస్తున్న పద్ధతి అన్ని గదుల్లోనూ పాటించవలసినది. మేనేజరు చదివి, ఆమె సంచీని తానే లోపల పెట్టించాడు. దాని ప్రతిని మా ఇంజినీరుకు పంపేటప్పుడు మాత్రం, ఖాయం కాని ఉద్యోగం గుర్తొచ్చి, ఫ్యాక్స్ మిషను ముందు చాలాసేపు నిలబడిపోయాను. పంపాను. ఆయన ఫోన్లో కడుపుబ్బ నవ్వి, ఇకమీదట నువ్వు రాసింది నేను రెండోసారి చూసుకోనక్కర్లేదులే అన్నాడు.

నెల తిరిగేసరికి ఆ మూడో అంశం ప్రతి స్నానాలగదిలోనూ అతికించి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పే బాధ్యత అక్కకిచ్చారు. తర్వాత నాలుగేళ్లు నెలనెలా అక్కడే దిగాను, దిగినప్పుడల్లా ఆమె వాళ్లకు నన్ను చూపించి, "ఈ సామి ఏం రాసినా ముందు నన్నడిగే రాస్తాడు," అని చెప్పేది. నాకు వచ్చిన సర్టిఫికెట్లన్నిటిలోకీ అదే పెద్దదని ఇప్పటికీ ధైర్యంగా చెప్పగలను.

ఇప్పుడు హోటళ్ల నీటి ఏర్పాట్లకు డ్రాయింగులు గీసేది నేనే. మిద్దె మీద చల్లబరిచే యంత్రం, అన్ని గదులకూ ఒకటే వేడిమి, కింద ఒక గదిలో తాళం వేసిన మీటలు. ఎక్కడా చెయ్యి కాలదు, ఎవరి మీదా ఫిర్యాదు రాదు. ఆ సంగతి తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది. కానీ డ్రాయింగు పూర్తయ్యాక అలవాటుగా అంశాలన్నీ సరిచూసుకుంటుంటే, గది చూసే మనిషి తన తెలివితో వేయడానికో ఆపడానికో నేను ఒక్క స్విచ్ కూడా మిగల్చలేదని కనబడుతుంది.